శాన్ మిగెల్‌లో ఆ ఏటి ఈస్టర్

మా ఊళ్ళో ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలైందంటే ఆదివారం కోడికూర బంద్. పెళ్ళిళ్ళ ఊసే ఉండదు. మా నాయనమ్మ ఆ నలభై రోజులూ కాఫీ మానేసి, ఆ తలనొప్పి చిరాకంతా మా మీద చూపించేది. గుడ్ ఫ్రైడే నాడు పొయ్యి ఒక్కసారి వెలిగితే గొప్ప, అదీ గంజి కాచడానికి. ముందు తెల్లచీరల్లో ఆడవాళ్ళు, వెనకాల మేం పిల్లలం. మిట్టమధ్యాహ్నం ఎండలో సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ తిరిగి వచ్చేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కేవి. మేం ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్ వాళ్ళం, గుంటూరు జిల్లా. మా ఇంట్లో భక్తి అంటే ఏదో ఒకటి మానెయ్యడం.

2018లో ఆఫీసు పని మీద మెక్సికోలో, కెరెతారో అనే ఊళ్ళో ఉన్నాను. మా టీమ్‌లో నా పక్క సీటమ్మాయిది దగ్గర్లోనే ఉన్న శాన్ మిగెల్ దె అయెందే. మార్చి మొదట్లోనే పిలిచేసింది. ఈస్టర్‌కి వస్తే చాలదట, దానికి వారం ముందు మట్టల ఆదివారం, ఆ ఆదివారానికి ముందొచ్చే శుక్రవారం కూడా రావాలట. "ఆ రోజు రాకపోతే మా అమ్మమ్మ నీతో మాట్లాడదు" అంది. అది వ్యాకుల మాత శుక్రవారం, కొడుకు శ్రమలకి తల్లడిల్లిన మరియమ్మని తలుచుకునే రోజు. మా నాయనమ్మకైతే ఆ రోజు ఇంకో జపమాల ఎక్కువ చెప్పించడానికి వంక, అంతే. అలాంటి రోజు కోసం ఒక ఊరు ఊరంతా సెలవు పెట్టుకున్నట్టు తయారవుతుందని వింటే కుతూహలం కలిగి సరేనన్నాను.

కెరెతారో నుంచి బస్సులో గంట మీద కాస్త పడుతుంది. దారంతా ఎండిపోయిన కొండలు, బ్రహ్మజెముడు, మధ్యమధ్య ఇటుక బట్టీలు. మన పల్నాడులో ఏ మూలో తిరుగుతున్నట్టే ఉందని నిద్రలోకి జారుకున్నాను. లేచేసరికి ఊదారంగు. మార్చి నెలాఖరు కదా, హకరాండా చెట్లకి ఆకు కనపడకుండా పూలు. తపస్సు కాలానికి గుళ్ళో పరిచే ఊదా గుడ్డ రంగే అది. ఊరివాళ్ళు చెట్లతో కూడా మాట్లాడి పెట్టుకున్నారేమో అనిపించింది.

ఊరి కథ పెద్దది, కుదించి చెప్తాను. 1542లో ఫ్రాయ్ హువాన్ దె శాన్ మిగెల్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి పెట్టిన మిషన్‌తో మొదలైంది. సకతేకాస్ గనుల వెండి మెక్సికో సిటీకి వెళ్ళే దారి మీద ఉంది కాబట్టి డబ్బు చేరింది, డబ్బుతో పాటు సందుకో చర్చి లేచింది. 1769లో ఇక్కడే పుట్టిన ఇగ్నాసియో అయెందే స్పెయిన్ మీద తిరుగుబాటు నడిపి 1811లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1826లో ఆయన పేరు ఊరి పేరుకి చేర్చారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు రిటైరైన అమెరికావాళ్ళు చాలామంది ఇక్కడ కాపురం ఉంటున్నారు. సెంటర్లో ఇళ్ళ ధరలు డాలర్లలో చెప్తారు. మా కొలీగ్ వాళ్ళ బాబాయిలు, అత్తలు ఒక్కొక్కరే ఇళ్ళు అమ్ముకుని ఊరి చివరకి వెళ్ళిపోయారు. అమ్మమ్మ మాత్రం కదల్లేదు.

ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద గుడిని పర్రోకియా అంటారు. గులాబీ రంగు రాయి, ఆకాశంలోకి పొడుచుకుపోయే శిఖరాలు. సెఫెరీనో గుత్యెర్రెస్ అనే స్థానిక మేస్త్రీ 1880లో ఆ ముఖభాగం పని మొదలుపెట్టాడు. యూరప్ చర్చిల బొమ్మలు చూసి, ఇసుకలో పుల్లతో గీసి పనివాళ్ళకి చూపించేవాడని చెప్పుకుంటారు. లోపలికి వెళ్తే మామూలు పాత చర్చే. బయట నిలబడి చూస్తే మాత్రం, ఎవరి మాటా వినకుండా తన మనసుకి నచ్చినట్టు కట్టిన మనిషి కనిపిస్తాడు. నాకు ఆ మొండితనం బాగా నచ్చింది.

అమ్మమ్మగారి ఇల్లు ఒక ఎత్తు వీధిలో. అక్కడ ఆవిడని అందరూ అబువెలీతా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను "మిహా" అంది, అంటే బిడ్డా అని. ఆ తర్వాత వెంటనే పని చెప్పింది. వీధిలోకి తెరుచుకునే ముందుగదిలో సోఫాలు, టీవీ అన్నీ తీసేశారు. గోడకి మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, తెల్లగుడ్డ, దాని మీద ఊదా శాటిన్ పరిచారు. పైన మధ్యలో వ్యాకుల మాత పటం. నల్లటి ముసుగు, గుండెలో దిగిన కత్తి. మా గుడిలో ఉన్న పటం కూడా ఇదే, కాకపోతే మా దాని మీద రెండు పెద్ద ట్యూబులైట్లు ఉంటాయి.

మంచాల కింద నుంచి రేకు డబ్బాలు తెచ్చారు. వాటిలో గోధుమ మొలకలు. ఎండ తగలనివ్వకుండా చీకట్లో పెంచితే ఆకు పచ్చబడదు, లేత పసుపు రంగులో సన్నగా నిటారుగా వస్తుంది. మా పక్కింటివాళ్ళ పెళ్ళిళ్ళలో పాలికల్లో మొలకలు చూస్తూ పెరిగినదాన్ని, ఇక్కడ దుఃఖమాత పాదాల దగ్గర అచ్చం అవే కనపడేసరికి కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. అబువెలీతా డబ్బా అంచు పట్టుకుని ఒక్కో మొలకల గుత్తికి నడుం దగ్గర ఊదా రిబ్బను కట్టింది. ముడి వదులైతే విప్పి మళ్ళీ కట్టేది. ఆ వేళ్ళకి కీళ్ళ నొప్పులున్నాయని చూస్తేనే తెలుస్తోంది, అయినా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు.

నాకు నారింజలు అప్పగించింది. అవి తినే నారింజలు కావు, చేదువి. తల్లి పడ్డ బాధ చేదుకు గుర్తు. ఒక్కో కాయలో పుల్ల గుచ్చి, దానికి బంగారు రంగు కాగితం జెండా అతికించాలి. నేను అతికించినవాటిలో జెండా వంకరపోయినవి పక్కన పెట్టి, ఏమీ అనకుండా తనే సరిచేసుకుంది. చివరగా గచ్చు మీద సోంపు కొమ్మలు, మంసానియా పరిచారు. మంసానియా అంటే టీ పెట్టుకునే చిట్టి చేమంతి. వచ్చేవాళ్ళ అడుగు పడి నలిగినప్పుడల్లా గది నిండా వాసన లేచేది. సాయంత్రానికి వీధిలో ఏ తలుపు తెరిచినా అదే వాసన. ఊళ్ళోని నీటి ఫౌంటెన్లకి కూడా బల్లలు కట్టి, ఊదా కాగితాలు వేలాడదీసి పీఠాలు చేసేశారు.

చీకటి పడగానే జనం మొదలయ్యారు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, ముసలివాళ్ళు, కెమెరాలు మెడలో వేసుకున్న టూరిస్టులు. గుమ్మంలో నిలబడి "అమ్మ ఏడ్చిందా?" అని అడుగుతారు. "ఏడ్చింది, రండి" అని ఇంటివాళ్ళు గ్లాసు చేతిలో పెడతారు. ఆ గ్లాసులోవి తల్లి కన్నీళ్ళన్నమాట. అబువెలీతా ఇంట్లో అవి బీట్‌రూట్ నీళ్ళు. అందులో నారింజ తొనలు, అరటిపండు ముక్కలు, వేరుశనగ గుళ్ళు, సన్నగా తరిగిన లెట్యూస్ ఆకు కూడా. లెట్యూసేంటని మీరు అడుగుతారని తెలుసు. నేనూ అడిగాను. "ఎప్పుడూ వేస్తాం" అన్నారు. తాగితే పెదాలు, నాలుక ఎర్రబడిపోతాయి. రాత్రి తొమ్మిదయ్యేసరికి వీధిలో ప్రతి పిల్లాడి మూతీ ఎర్రగానే ఉంది. పక్కింట్లో నిమ్మకాయ ఐస్‌క్రీమ్ పంచుతున్నారు, ఎదురింట్లో పుల్ల ఐసులు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, గ్లాసు తర్వాత గ్లాసు. డబ్బులు తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరి పీఠం ముందైనా ఒక్క నిమిషం ఆగి, సిలువ గుర్తు వేసుకుని, పటం వైపు చూసి, ఆ తర్వాతే గ్లాసు అందుకోవాలి. అంతే షరతు.

అప్పటికి మా ఊళ్ళో శనివారం తెల్లారింది. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను.

"తపస్సు కాలంలో ఐస్‌క్రీమ్ పంచుతున్నారా? ఫాదర్‌గారు ఏమీ అనరా?"

"ఫాదర్‌గారు కూడా ఐస్‌క్రీమ్ లైన్లోనే ఉన్నారమ్మా."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "నాయనమ్మకి చెప్పకే" అంది.

అలాగని శాన్ మిగెల్ భక్తి అంతా ఐస్‌క్రీమే అనుకోకండి. మర్నాడు నన్ను అతొతోనిల్కో తీసుకెళ్ళారు. పద్నాలుగు కిలోమీటర్లుంటుందేమో. 1740లో లూయిస్ ఫెలీపె నేరి దె అల్ఫారో అనే ఫాదర్ మొదలుపెట్టిన పుణ్యక్షేత్రం అది. బయట నుంచి కోటగోడలా బోసిగా ఉంటుంది. లోపలికి అడుగు పెడితే గోడ, కప్పు, మూల, సందు అన్నిటి మీదా బొమ్మలే. మిగెల్ అంతోనియో మర్తీనెస్ దె పొకసాంగ్రె అనే చిత్రకారుడు ఏళ్ళ తరబడి వేశాడు. క్రీస్తు శ్రమలన్నీ, మధ్యలో పద్యాలు, ఎక్కడా ఖాళీ లేదు. 1810 సెప్టెంబరు 16న ఫాదర్ మిగెల్ ఇదాల్గో స్పెయిన్ మీద ఆ తిరుగుబాటు మొదలుపెట్టి ఇక్కడ ఆగి, గ్వాదలూపే మాత చిత్రాన్ని జెండాగా పట్టుకెళ్ళాడు. బయట దుకాణాల్లో ముళ్ళ కిరీటాలు, తాళ్ళతో అల్లిన కొరడాలు అమ్ముతున్నారు. అలంకారానికి కాదు. ఇక్కడికి ధ్యానాలకి వచ్చి నిజంగానే ఒంటి మీద కొట్టుకునేవాళ్ళుంటారు. మా నాయనమ్మకి చూపించదగ్గ చోటేదైనా ఉంటే ఇదే. నాకు మాత్రం ఊపిరాడలేదు, త్వరగా బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాను.

అక్కడి స్వామి అప్పటికే శాన్ మిగెల్‌లో ఉన్నాడని చెప్పారు. స్తంభానికి కట్టేసి కొరడాలతో కొట్టిన క్రీస్తు స్వరూపం, సెన్యోర్ దె లా కొలుమ్నా. ఈస్టర్‌కి రెండు వారాల ముందు శనివారం అర్ధరాత్రి, స్వరూపానికి సిల్కు రుమాళ్ళు చుట్టి అతొతోనిల్కో నుంచి భుజాల మీద మోసుకుంటూ బయలుదేరతారు. తెల్లవారేసరికి శాన్ మిగెల్ చేరాలి. ఊరి మొదట్లో వీధంతా పూలతో, రంగురంగుల రంపపు పొట్టుతో ముగ్గులేసి ఎదురుచూస్తారు. అబువెలీతా వయసులో ఉన్నప్పుడు లాంతరు పట్టుకుని ఆ దారంతా నడిచిందట. మొక్కు ఏమిటని అడిగితే చెప్పలేదు. "తీరింది" అని మాత్రం అంది.

మట్టల ఆదివారం గురించి ఎక్కువ చెప్పను. తాటాకుతో సిలువలు, పూలు అల్లి గుడి మెట్ల మీద అమ్ముతారు. అల్లేవాళ్ళ చేతివేగం చూడాల్సిందే. మా ఊళ్ళో ఈత మట్ట చీల్చి చేతికిస్తారు, దాంతో పిల్లలం కత్తియుద్ధం చేసేవాళ్ళం. ఇక్కడ పిల్లలూ అదే చేశారు.

పవిత్ర గురువారం సాయంత్రం మళ్ళీ వచ్చాను. ఆ రాత్రి ఏడు గుళ్ళు చూడాలి. శాన్ మిగెల్‌లో ఏడుకి కొదవలేదు, ఎటు తిరిగినా ఇంకోటి ఎదురవుతుంది. కష్టమల్లా నడకతోనే. నున్నగా అరిగిపోయిన గుండ్రాళ్ళ వీధులు, పైగా ఎత్తుపల్లాలు. సాయంత్రానికి చలి. గుడి గుడికీ క్యూ, లోపల పూలు, కొవ్వొత్తుల మధ్య దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా కొలిచే అప్పం), బయటికొచ్చేటప్పుడు చేతిలో చిన్న బన్ను రొట్టె, మంసానియా కొమ్మ. మా కొలీగ్ నాలుగో గుడి దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. వాళ్ళమ్మ ఆమెను చూసి, "మొక్కుందా?" అంది. "లేదు, కొత్త చెప్పులు" అందీ పిల్ల.

గురువారం రాత్రి నుంచి గుడి గంటలు మోగవు. బదులుగా మత్రాకా అనే చెక్క గిలక తిప్పుతారు, కటకటమని ఎండిపోయిన చప్పుడు. మా ఊళ్ళోనూ ఆ మూడు రోజులు గంట తాడు పైకి కట్టేసి, చెక్క చప్పుడే చేసేవాళ్ళం. చెక్క కొట్టే అవకాశం కోసం మగపిల్లలు కొట్టుకునేవాళ్ళు, ఆడపిల్లలకి ఇచ్చేవాళ్ళు కాదు. గుడ్ ఫ్రైడే పొద్దున పర్రోకియా ముందు నిలబడి ఉంటే, పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతి ఆ మత్రాకాని తన బలమంతా పెట్టి తిప్పుతోంది. చిన్ననాటి కసి ఇంకా మిగిలే ఉందేమో, ఆ పిల్లని చూస్తే నాకు భలే సంతోషం వేసింది.

ఆ పొద్దున సిలువ మోసే ఏసు స్వరూపం, తల్లి స్వరూపం ఎదురుపడే ఊరేగింపు. సాయంత్రం భూస్థాపన ఊరేగింపు. ఈ రెండోది చూడటానికి మధ్యాహ్నం మూడింటి నుంచే జనం గోడల వెంట చోటు పట్టుకున్నారు. ముందు తెల్లగౌన్లలో చిన్నపిల్లలు బుట్టల్లోంచి మంసానియా చల్లుతూ నడిచారు. వెనక నల్లసూట్లలో మగవాళ్ళు గాజు శవపేటికని మోస్తున్నారు, లోపల క్రీస్తు దేహం. ఆ తర్వాత నల్లబట్టల్లో, తల మీద నల్ల లేసు వేసుకుని ఆడవాళ్ళు. తల్లి స్వరూపాన్ని మోసింది వాళ్ళే. నేను సరిగ్గా మలుపు దగ్గర ఉన్నాను, వాళ్ళ కాళ్ళు నా ఎదురుగా. చాలామందికి మడమ చెప్పులు. ఆ గుండ్రాళ్ళ మీద, భుజాన అంత బరువుతో. ఒకామె మడమ రాళ్ళ సందులో ఇరుక్కుంది. వరస ఆగలేదు. పక్కామె చెయ్యి ఆమె మోచేతి కింద చేరింది, కాలు విడిపడింది, మళ్ళీ డోలు దెబ్బకి అడుగు కలిసిపోయింది. ముఖాల్లో ఏ మార్పూ లేదు. నా పక్కన ఎవరిదో ఫోను మోగితే అబువెలీతా తల తిప్పి చూసిన చూపుకి ఆ మనిషి ఫోన్‌తో సహా మాయమైపోయాడు.

ఆ ఊరేగింపులో మా కొలీగ్ వాళ్ళ అత్త కూడా మోసింది. రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. భుజం మీద ఎర్రటి గీత. "మేం ఏడవం, మోస్తాం" అని నవ్వుతూ కపిరొతాదా ప్లేటు అందుకుంది. మాంసం ముట్టరు గానీ ఆ ఇంట్లో గుడ్ ఫ్రైడే తిండికి లోటు లేదు. ఎండు రొయ్యల వడలు, నొపాల్ కూర (బ్రహ్మజెముడు రేకులు ముళ్ళు తీసి వండుతారు), పప్పు చారు, పైన ఈ కపిరొతాదా. కాల్చిన రొట్టె ముక్కల మీద దాల్చినచెక్క, లవంగం వేసిన పాకం పోసి, చీజు, ఎండుద్రాక్ష, వేరుశనగపప్పు వరసలుగా పేర్చి చేస్తారు. పాకం పిలొన్సియోతో, అంటే మన బెల్లమే, శంకులా అచ్చుపోసింది. గుడ్ ఫ్రైడే నాడు బెల్లం పాకంలో నానిన రొట్టె తింటున్నానని మా ఇంట్లో తెలిస్తే నా పని అయిపోయినట్టే. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఈస్టర్ ఆదివారం ఏప్రిల్ 1. మెక్సికోలో అప్పట్లో ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిపేవాళ్ళు, ఆ ఏడు రెండూ ఒకే రోజు పడ్డాయి. అబువెలీతా వంటింటి గడియారాన్ని ముట్టుకోనివ్వలేదు. "ప్రభువు లేచింది పాత టైముకే" అని తీర్పు చెప్పేసింది. దాంతో ఇంట్లో సగం మంది ఒక టైములో, సగం మంది ఇంకో టైములో తయారయ్యారు. యూదా బొమ్మలు పేల్చేది మధ్యాహ్నం. అందరూ ఏదో ఒక లెక్కన చౌకుకి చేరారు.

చౌకులోని తోట ఎదురుగా వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి, కాగితం గుజ్జుతో చేసిన బొమ్మలు వేలాడదీశారు. ప్రభువుని పట్టించిన యూదా అన్న మాటే గానీ, వాటిలో కొమ్ములున్న దయ్యాలు, లావుపాటి ఆడమనుషులు, టై కట్టిన నాయకులు అందరూ ఉన్నారు. ఆ జూలైలో వాళ్ళకి అధ్యక్ష ఎన్నికలు, కాబట్టి టైలు కాస్త ఎక్కువే కనిపించాయి. ఒక్కో బొమ్మ నడుం చుట్టూ టపాకాయల దండ. వత్తి అంటించగానే బొమ్మ గిర్రున తిరగడం మొదలుపెడుతుంది, నిప్పురవ్వలు చిమ్ముతూ వేగం పెరుగుతుంది, ఆఖర్న ఢామ్మని పేలి తల ఒక వైపు, కాలు ఒక వైపు. పొగ ఇంకా విడవకముందే పిల్లలు ముక్కల కోసం దూకుతారు. ఒక్కో పేలుడికీ జనం కేకలు, ఈలలు. రెండు రోజుల కింద అదే జనం అదే వీధిలో నోరు మెదపకుండా నిలబడ్డారు. ఒక నాయకుడి బొమ్మ ఎంత తిరిగినా పేలలేదు, వత్తి ఆరిపోయింది. "వీడు ఎలాగైనా తప్పించుకుంటాడు" అని వెనక నుంచి ఎవరో అరిస్తే చౌకంతా పగలబడి నవ్వింది. మళ్ళీ అంటించారు, ఈసారి తప్పించుకోలేకపోయాడు.

మా కొలీగ్ తమ్ముడి కొడుక్కి ఒక దయ్యం చెయ్యి దొరికింది, వేళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. చొక్కాలో చుట్టుకుని ఇంటిదాకా తెచ్చాడు. వాళ్ళ బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి పెదవి విరిచాడు. మా చిన్నప్పుడు బొమ్మలు దీనికి రెండింతలుండేవి, మందు గట్టిగా దట్టించేవాళ్ళు, ఇప్పుడంతా టూరిస్టులకి భయపడి తగ్గించేశారు, అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. నువ్వప్పుడు పొట్టివాడివి కాబట్టి పెద్దగా కనిపించాయి అంది. అబువెలీతాని సాక్ష్యం అడిగారు. మీ ఇద్దరూ పుట్టకముందే అసలైనవి అయిపోయాయి అందావిడ. నలభై రోజుల తర్వాత వండిన పంది మాంసం కార్నితాస్ మధ్యలో పెట్టుకుని, టోర్టియా రొట్టెల్లో చుట్టుకుంటూ, గిన్నె ఖాళీ అయ్యేదాకా వాళ్ళు అదే వాదించుకున్నారు.